వరద సహాయంలో జెండర్ సమన్వయం: పునరావాస కేంద్రం నుంచి పరిహారం దాకా ఎలా చేయాలి?

గోదావరి వరదల్లో నేను పనిచేసిన ఒక పునరావాస కేంద్రాన్ని ఉన్నత పాఠశాలలో నడిపారు. తాత్కాలిక మరుగుదొడ్లు ఒక సంస్థ పెట్టింది. లెక్క ప్రకారమే పెట్టింది, ఆడవారికి విడిగానే పెట్టింది. జనరేటరు, దీపాలు మరొకరి బాధ్యత; వారు తరగతి గదులకూ వరండాకూ వంట షెడ్డుకూ వైర్లు లాగారు. రాత్రి భోజనం ఇంకొక సంస్థది. వంట ఆలస్యమై వడ్డన తొమ్మిది దాటాక మొదలయ్యేది. ఎవరి నివేదిక వారు తీసి చూస్తే అందరి పనీ పూర్తయినట్టే కనిపిస్తుంది. మరుగుదొడ్లు మాత్రం ప్రహరీ గోడ వారన చీకట్లో ఉండిపోయాయి. తొమ్మిదింటికి తిన్న మనిషి పదింటికి బయటకు వెళ్లాలి కదా. ఆ చీకట్లోకి వెళ్లలేక ఆడవారు మధ్యాహ్నం దాటితే నీళ్లు తాగడమే మానేశారు. ఈ సంగతి మాకు మూడో రోజున గాని తెలియలేదు. అది కూడా ఒక బాలింత మూత్రంలో మంటగా ఉందని ఏఎన్‌ఎంతో చెబితే బయటపడింది.

విడివిడిగా చూస్తే ఇందులో ఏ సంస్థదీ తప్పు లేదు. తప్పంతా ఒకరి పనికీ మరొకరి పనికీ నడుమనున్న సందులో జరిగింది. సహాయ కార్యక్రమాల్లో జెండర్ సమన్వయకర్త చూడవలసింది ఆ సందులనే. మహిళల పేరుతో ఇంకొక కార్యక్రమం మొదలుపెట్టడం ఆ బాధ్యత కాదు. ఆ పని చేయడానికి వేరే సంస్థలు ఎలాగూ ముందుకు వస్తాయి. జిల్లాలోనో మండలంలోనో పలు సంస్థలు, శాఖలు కలిసి వరద లేదా తుపాను సహాయం చేస్తున్నప్పుడు స్వచ్ఛంద సంస్థ తరఫునో పొదుపు సంఘాల మండల సమాఖ్య తరఫునో ఈ బాధ్యత మీ మీద పడితే ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు చాలావరకు గోదావరి పరీవాహక ప్రాంతానివి, కోస్తా జిల్లాలవి.

మొదటి అడుగు: వరదకు ముందే కూర్చునే చోటు సంపాదించండి

వరద వచ్చాక సమావేశంలో కుర్చీ దొరకదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. జూన్‌కు ముందే జరిగే సన్నాహక సమావేశానికి వెళ్లి, జెండర్ విషయాలకు బాధ్యులుగా మీ పేరు, మీరు లేనప్పుడు వచ్చేవారి పేరు కాగితం మీద రాయించుకోండి. ఎందుకని ఎవరైనా అడిగితే అదే చట్టంలోని రెండు సెక్షన్లు చూపించండి. సహాయం, పరిహారం అందించేటప్పుడు లింగం, కులం, మతం మొదలైన వాటి ఆధారంగా వివక్ష చూపకూడదని 61వ సెక్షన్ చెబుతుంది. సహాయ శిబిరాల్లో కనీస ప్రమాణాలతో పాటు వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని 12వ సెక్షన్ చెబుతుంది. సెక్షన్ నంబరుతో సహా మాట్లాడితే వినే తీరు వేరుగా ఉంటుంది.

ఈ బాధ్యతను చాలా సంస్థలు ఆఫీసులో అందరికన్నా చిన్నదైన ఆడపిల్లకు అప్పగిస్తాయి. నాకు ఇది ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆమెకు చిత్తశుద్ధి ఉంటుంది గాని, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఇంజనీరుకు ఫోన్ చేసి "ఆ దొడ్ల దగ్గర ఈ సాయంత్రానికి దీపం వెలగాలి" అని చెప్పగల అధికారం ఉండదు. నిర్ణయాలు తీసుకోగల స్థాయిలో ఉన్నవారినే పెట్టండి. ఇద్దరిలో ఒకరు పురుషులైతే ఇంకా మంచిది. మగవారితో మాట్లాడవలసిన పని ఈ బాధ్యతలో చాలానే ఉంటుంది.

మీ పనులను వరద హెచ్చరికలకు ముడిపెట్టుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. మొదటి హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణుల జాబితాను ఏఎన్‌ఎంల నుంచి తెప్పించుకుని, ఎవరిని ఏ ఆసుపత్రికి ఎవరి వాహనంలో తరలిస్తారో తేల్చాలి. రెండో హెచ్చరికకు పునరావాస కేంద్రంగా నిర్ణయించిన ప్రతి బడికీ ఒక మహిళ స్వయంగా వెళ్లి దొడ్లు, తలుపు గడియలు, దీపాలు చూసి రావాలి. మూడో హెచ్చరిక నాటికి ఇక కాగితాల పని ఉండకూడదు.

రెండో అడుగు: ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారో ఒకే కాగితం మీద పెట్టండి

శాఖలకూ సంస్థలకూ ఇలాంటి జాబితా ఏదో ఒకటి ఉంటుంది. మీరు దానికి రెండు వరుసలు చేర్చాలి. ఒకటి, ఆ సంస్థ క్షేత్రంలోకి పంపే సిబ్బందిలో మహిళలు ఎందరు అన్నది. రెండోది, ఆ సంస్థ పని ఏ ఇతర సంస్థ పని మీద ఆధారపడి ఉంది అన్నది. మొదటి వరుసలో సున్నా ఉన్న చోట నెలసరి గురించి, వేధింపుల గురించి ఎవరూ నోరు విప్పరు. రెండో వరుస మీకు సందులు ఎక్కడున్నాయో చూపిస్తుంది.

సంస్థల పేర్లతో ఆగిపోకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే అంచెలు ఉన్నాయి. పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద పొదుపు సంఘాలు ఉన్నాయి. ఏ గుడిసెలో ఎవరు ఒంటరిగా ఉంటున్నారో సంఘం లీడర్‌కు తెలిసినట్టు ఏ సర్వేకూ తెలియదు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, సచివాలయ మహిళా పోలీసులు, చేపలమ్ముకునే మహిళల సంఘాలు, వికలాంగుల సంఘాలు, ట్రాన్స్‌జెండర్ సంఘాలు కూడా జాబితాలో ఉండాలి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాల్లో పనిచేస్తుంటే కోయ భాషలో మాట్లాడగల మహిళ పేరు తప్పకుండా రాసుకోండి. తెలుగులో అడిగితే పెద్దవారు మర్యాద కోసం తల ఊపుతారు, అంతే.

సమాఖ్య మహిళల విషయంలో ఒక జాగ్రత్త. వారు కూడా వరద బాధితులే. ఇంట్లో బురద ఎత్తుకోవలసిన మనిషి చేత రోజంతా జాబితాలు రాయించి, చివరికి ఛాయ్ తాగించి పంపే సంస్థలను నేను చూశాను. పని చేయించుకుంటే రోజు కూలీ ఇవ్వండి. ఆ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే చూపండి.

మూడో అడుగు: అందరూ ఒకే తీరున లెక్కించేలా చూడండి

2004 డిసెంబరు సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన మహిళలు, చనిపోయిన పురుషులకు దాదాపు మూడు రెట్లు. అల వచ్చే వేళకు చాలామంది మగవారు పడవల మీద సముద్రంలో ఉన్నారు. ఆడవారు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తూనో, ఇళ్లలో పిల్లలతోనో ఉన్నారు. ఈత రాకపోవడం, చీర కాళ్లకు చుట్టుకోవడం, చంకన బిడ్డ ఉండడం వంటివన్నీ దానికి తోడయ్యాయి. చనిపోయినవారిని ఆడ, మగ అని విడదీసి లెక్కించారు గనుకనే ఈ సంగతి బయటపడింది. 1977 దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారని ఆ మొత్తాన్ని మనందరం చెప్పుకుంటాం. వారిలో ఆడవారెందరు, మగవారెందరు అనే మాట మన ముచ్చట్లలో ఎప్పుడూ రాదు.

కాబట్టి ప్రతి సంస్థ వాడే నమోదు పత్రంలోనూ కనీసం ఈ వివరాలు ఒకే రూపంలో ఉండేలా ఒప్పించండి: స్త్రీ, పురుష, ట్రాన్స్‌జెండర్ అనే విభజన, అయిదేళ్ల వరకు, 6 నుంచి 17, 18 నుంచి 59, 60 ఆపైన అనే వయసులు, గర్భిణి, పాలిచ్చే తల్లి, వైకల్యం ఉన్నవారు. "కుటుంబ పెద్ద" అనే గడిని తీసేసి "సాయం అందుకునే పెద్దలు" అని రెండు పేర్లకు చోటు పెట్టండి. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గాని, దీని కోసమే ఎక్కువ వాదించవలసి వస్తుంది. రేషన్ కార్డు ఒక్కటే ప్రమాణమైతే, భర్త వదిలేసి పుట్టింట్లో ఉంటున్న మహిళ అన్న కార్డులో ఒక పేరుగా మిగిలిపోతుంది, సాయం వదిన చేతికి వెళుతుంది. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

వితంతువులు, అనాథ పిల్లల వివరాలకు ప్రతి శిబిరంలోనూ ప్రత్యేక రిజిస్టర్ ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస సహాయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ రిజిస్టర్ ఎవరి దగ్గర ఉందో మొదటి రోజే కనుక్కోండి. ఎవరి దగ్గరా లేకపోతే ఒక లాంగ్‌బుక్ కొని మీరే ప్రారంభించి, శిబిర అధికారి సంతకం తీసుకోండి.

నాలుగో అడుగు: అడిగే తీరు మార్చండి

మగవారూ ఆడవారూ కలిసి కూర్చున్న సభలో "మహిళలకు ఏమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే "ఏమీ లేవండి, అంతా బాగానే చూస్తున్నారు" అనే జవాబు వస్తుంది. దాన్ని నివేదికలో రాసుకుని వెళ్లిపోయేవారే ఎక్కువ. అడగవలసినది సమస్య గురించి కాదు, దినచర్య గురించి. "అమ్మా, రాత్రి బయటకు వెళ్లాలంటే ఎవరిని తోడు తీసుకెళుతున్నారు?" "స్నానం ఎన్ని గంటలకు చేస్తున్నారు?" "తడి గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నారు?" "పిల్లను ఎవరి దగ్గర వదిలి టోకెన్ల వరుసలో నిలబడ్డారు?" ఇలా అడగండి. తెల్లవారుజామున మూడింటికి, బోరు దగ్గర, చీర కట్టుకునే స్నానం చేస్తున్నానని ఒకామె చెప్పిందంటే మరుగు లేదనే సంగతి ఆమె చెప్పినట్టే.

అడిగే వేళ కూడా ముఖ్యమే. వంటలు, పిల్లల తిండి అయ్యాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి. కిశోర బాలికలతో తల్లులు లేకుండా, ముసలివారితో విడిగా, దూరంగా కూర్చునే దళిత, గిరిజన కుటుంబాల మహిళలతో వారున్న చోటే మాట్లాడండి. ఊరి మహిళలందరినీ ఒక్క గుంపుగా కూర్చోబెడితే గొంతున్నవారే మాట్లాడతారు. మగవారినీ అడగండి. భార్య చనిపోయిన మగవాడికి పసిబిడ్డకు పాలు కలపడం రాకపోవచ్చు. అది అతను తనంతట తాను చెప్పడు.

చీకటి పడ్డాక ఇద్దరు ముగ్గురు మహిళలతో కలిసి శిబిరం చుట్టూ ఒకసారి నడవండి. వారెక్కడ అడుగు వేగం పెంచారో, ఎక్కడ మాట ఆపేశారో గమనించండి. నా అనుభవంలో ఆ పావుగంట నడక వారం రోజుల సర్వే కన్నా ఎక్కువ చెప్పింది.

అయిదో అడుగు: సందులను ఒక్కొక్కటిగా మూయండి

అసలు సమన్వయం ఇదే. రోజూ సాయంత్రం జరిగే సమీక్షలో "జెండర్" అనే అంశం చివర్లో విడిగా పెట్టకండి. అప్పటికి అందరూ లేచి వెళ్లే తొందరలో ఉంటారు. నీళ్ల గురించి మాట్లాడేటప్పుడే, ఆహారం గురించి మాట్లాడేటప్పుడే మీ ప్రశ్న రావాలి.

నీళ్లు, దొడ్లు, దీపాలు, రక్షణ: ఈ నాలుగింటినీ కలిపి చూడండి. జాతీయ ప్రమాణాల ప్రకారం శిబిరంలో ఒక్కొక్కరికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు తాగడానికి 3 లీటర్ల నీళ్లు, స్నానానికి, దొడ్డికి కనీసం 15 లీటర్లు, 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. దొడ్లు శిబిరానికి 50 మీటర్లకు మించిన దూరంలో ఉండకూడదు. సహాయ సంస్థలు అంతర్జాతీయంగా పాటించే స్పియర్ ప్రమాణాలు 20 మందికి ఒకటి, అందులోనూ ఆడవారికి మూడు, మగవారికి ఒకటి అనే నిష్పత్తి చెబుతాయి. మన బళ్లలో దొడ్లు ఇద్దరికీ సమానంగా ఉండడమే సమానత్వం అనుకుంటారు. ఆడవారికి ఎక్కువ సమయం పడుతుంది, వెంట పిల్లలుంటారు. అందుకే సమాన సంఖ్య పెడితే వరుస వారి వైపే పెరుగుతుంది. దొడ్డి కట్టే సంస్థ, దీపం పెట్టే సంస్థ, రాత్రి గస్తీ పెట్టే పోలీసు స్టేషన్ ఒకే చెక్‌లిస్ట్ మీద సంతకం చేసే వరకు ఆ దొడ్డిని "పూర్తయింది" అని రాయనివ్వకండి. లోపలి గడియను మీరే వేసి చూడండి. తలుపు ఉండి గడియ లేని దొడ్లు ఎన్ని చూశానో నాకే లెక్క లేదు.

నెలసరి సామగ్రి విషయానికి వస్తే, ప్యాడ్లు సాధారణంగా సమృద్ధిగానే వస్తాయి. దాతలకు అవి ఇవ్వడం ఇష్టం. కానీ కట్టుబట్టలతో బయటపడిన మనిషికి లోదుస్తు లేకుండా ప్యాడ్ ఎలా పనికివస్తుంది? ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లు ఇస్తే వాటిని ఎండలో ఆరేసే మరుగు ఎక్కడ? వాడినవి ఎక్కడ పడేయాలి? ఒకచోట లారీ మీద నిలబడిన కుర్రవాళ్లు ప్యాకెట్లు పైకెత్తి పేరు పిలిచి మరీ విసురుతుంటే, ఆడవారు ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డారు గాని ఒక్కరూ చేయి చాపలేదు. మిగిలిన సరుకు తిరిగి వెళ్లింది. "డిమాండ్ లేదు" అని రాసుకున్నారు. ఇవన్నీ సందులే. ప్యాడ్లు తెచ్చే సంస్థ, బట్టలు పంచే సంస్థ, చెత్త ఎత్తే పంచాయతీ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టండి. సబ్బు, లోదుస్తులు, మూతున్న బకెట్, కాగితం సంచులు కలిపి ఒకే మూటగా, ఆశా కార్యకర్త చేతుల మీదుగా, గదిలో ఇప్పించండి.

ఆహారం దగ్గర చూడవలసినది వరుస, వేళ. గర్భిణులు, పసిబిడ్డల తల్లులు, వృద్ధులు, వికలాంగులకు వేరే వరుస పెట్టించండి. ఆడ వరుస, మగ వరుస అని రెండే ఉంటే ట్రాన్స్‌జెండర్లు రెండింట్లోనూ నవ్వులపాలై ఆకలితో వెనక్కి వెళతారు. వారి సంఘాన్నే అడిగి వారికి అనువైన ఏర్పాటు చేయండి. పాలపొడి పంపిణీని ఆరోగ్య శాఖకు తెలియకుండా ఎవరినీ చేయనివ్వకండి. వరదలో మంచినీళ్లే దొరకని చోట పాలపొడి తల్లిపాలకు అడ్డుపడితే బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది.

ఆరో అడుగు: హింస, వేధింపుల విషయంలో దారి ఒక్కటే ఉండాలి

ఇక్కడ అత్యుత్సాహమే ప్రమాదం. బాధితురాలి కథను నాలుగు సంస్థలు నాలుగుసార్లు చెప్పించుకోవడం ఆమెకు రెండో దెబ్బ. ఎవరికి చెబితే ఎక్కడికి తీసుకెళ్లాలో అన్ని సంస్థల సిబ్బందికీ తెలిసేలా ఒక్క పేజీ తయారుచేయండి. దాని మీద 112, మహిళా హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098, దగ్గరలోని సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం అందించే ప్రభుత్వ కేంద్రం), ఆసుపత్రిలో అందుబాటులో ఉండే మహిళా డాక్టర్ వివరాలు ఉండాలి. వరదలో ఆ సఖి కేంద్రానికి దారి ఉందో లేదో, ఫోన్ మోగుతోందో లేదో మీరే చూసుకోవాలి. వినే మనిషి చేయవలసినవి మూడే: ఓపికగా వినడం, ఆమె ఒప్పుకుంటేనే ముందుకు తీసుకెళ్లడం, పేరు ఎక్కడా రాయకపోవడం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగితే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఈ తేడాను సిబ్బందికి ముందే చెప్పాలి. వైద్యం ఆలస్యం కాకూడదని కూడా చెప్పండి. అత్యాచారం జరిగిన 72 గంటల్లోగా ఆసుపత్రికి చేరితే హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలుపెట్టగలుగుతారు.

వేధించేది సహాయకుడే అయితే? ఈ ప్రశ్న సమావేశంలో ఎత్తితే గది నిశ్శబ్దమవుతుంది, అయినా ఎత్తండి. పశ్చిమాఫ్రికా శరణార్థి శిబిరాల్లో సహాయ సిబ్బందే లైంగిక దోపిడీకి పాల్పడిన సంగతి బయటపడ్డాక, 2002లో ఐక్యరాజ్యసమితి సంస్థలు, అంతర్జాతీయ సహాయ సంస్థలు కలిసి ఆరు ప్రవర్తనా సూత్రాలు ఆమోదించాయి. వాటి సారాంశాన్ని తెలుగులో రాసి, వాలంటీర్లతో సహా అందరి చేతా సంతకం చేయించండి: సాయం ఇచ్చి బదులుగా లైంగికంగా ఏదీ కోరకూడదు, పద్దెనిమిదేళ్ల లోపువారితో ఏ సంబంధమూ ఉండకూడదు, తెలిసీ దాచకూడదు. "టోకెన్‌కు, బియ్యానికి, తాటిపత్రికి డబ్బుగాని మరేదిగాని ఇవ్వనక్కర్లేదు" అనే బోర్డును పంపిణీ జరిగే ప్రతిచోటా పెట్టించండి. చదవలేనివారి కోసం మైకులో చెప్పించండి. సాయం ఉచితమని తెలియని మనిషినే మోసగాడు వెతుక్కుంటాడు.

ఏడో అడుగు: డబ్బు, బతుకుతెరువు

శిబిరం మూసేనాటికి చాలామంది జెండర్ సమన్వయకర్తలు వెళ్లిపోతారు. అసలు అసమానత అక్కడి నుంచే మొదలవుతుంది. పరిహారాన్ని ఎకరం లెక్కన, చెట్టు లెక్కన, పడవ లెక్కన, వల లెక్కన ఇస్తారు. ఇవేవీ సాధారణంగా ఆడవారి పేరు మీద ఉండవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. తోట ఉన్నవారి నష్టం కంటికి కనబడుతుంది, లెక్కకు అందుతుంది. పలాస జీడి పరిశ్రమల్లో గింజ కొట్టి, పొట్టు తీసి బతికేవారిలో అత్యధికులు మహిళలు. పంట లేకపోతే వారికి పని ఉండదు, ఆ కూలీ నష్టానికి ఏ దరఖాస్తు ఫారంలోనూ గడి లేదు. తీరప్రాంతంలోనూ అంతే. పడవ, వల మగవారివి. ఎండబెట్టిన చేపలు, తట్టలు, బేసిన్లు, ఐస్ పెట్టెలు, సరుకు కొనడానికి అప్పుగా తెచ్చిన చేబదులు ఆడవారివి.

కాబట్టి నష్టాల లెక్కింపు మొదలయ్యే రోజునే పరిశ్రమలు, మత్స్య, వ్యవసాయ శాఖల బృందాలతో మీ మనిషి ఒకరు తిరగాలి. ప్రభుత్వ ఫారంలో చోటు లేనివాటికి మీరు వేరే జాబితా రాయండి: కుట్టుమిషను, టిఫిన్ బండి, కోళ్లు, మేకలు, ఎండుచేపలు, కౌలు చేనులో పెట్టిన పెట్టుబడి. ప్రభుత్వ పరిహారంలో చేరనివాటిని స్వచ్ఛంద సంస్థల నిధులతో పూరించండి. అందరూ ఒకే పడవ యజమానికి మూడు వలలు ఇచ్చేకన్నా ఇది నయం. పొదుపు సంఘాల బ్యాంకు వాయిదా ఆ నెల పడుతుందో లేదో ఏపీఎంతో (పొదుపు సంఘాల పని చూసే మండల స్థాయి అధికారి), బ్యాంకు మేనేజరుతో ముందే మాట్లాడండి. అది మాట్లాడకపోతే వచ్చిన సాయం డబ్బు మొదట వాయిదాకే పోతుంది.

నగదు సాయాన్ని మహిళ ఖాతాలో వేయడం మంచిదే గాని, గుడ్డిగా వేయకండి. ఖాతా ఆమెదే అయినా ఏటీఎం కార్డు, ఓటీపీ వచ్చే ఫోన్ భర్త దగ్గర ఉంటే పేరు మాత్రమే ఆమెది. కొన్ని ఇళ్లలో ఆ డబ్బు గొడవలకూ దెబ్బలకూ కారణమవుతుంది. నేను రెండు మార్గాలు ఎంచుకుంటాను: పెద్ద మొత్తమైతే ఇద్దరినీ పిలిచి ఎందుకిస్తున్నారో ఇద్దరికీ చెప్పించడం, చిన్న మొత్తమైతే విడతలుగా ఇచ్చి మొదటి విడత తర్వాత సంఘం లీడర్ ద్వారా మంచిచెడ్డలు కనుక్కోవడం. కూలిన ఇంటికి కొత్త మంజూరు ఇచ్చేటప్పుడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునో, ఆమె పేరునో ఉండాలని పట్టుబట్టండి. ఇంత సులభంగా ఆస్తి హక్కు చేతికొచ్చే సందర్భం ఆమె జీవితంలో మళ్లీ రాకపోవచ్చు.

ఎనిమిదో అడుగు: ఎంత జరిగిందో చూసుకోండి

అంతర్జాతీయ నిధులతో పనిచేస్తుంటే ఐక్యరాజ్యసమితి వ్యవస్థలో 2018 నుంచి వాడుతున్న జెండర్, వయసు మార్కర్‌లో (ప్రాజెక్టు ఆడ, మగ, వయసు తేడాలను ఎంత పట్టించుకుందో కొలిచే పద్ధతి) ప్రతి ప్రాజెక్టుకూ 0 నుంచి 4 వరకు ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య కోసం అందమైన వాక్యాలు రాయడం అలవాటైపోయింది. దాన్ని సంస్థల మధ్య చర్చ కోసం వాడండి: ఒక ప్రాజెక్టుకు తక్కువ సంఖ్య వస్తే పక్క ప్రాజెక్టు ఆ లోటు ఎలా తీరుస్తుందని అడగండి. జిల్లా స్థాయిలో ఇంత హంగు అక్కర్లేదు. వారానికోసారి, గతవారం మహిళలు చెప్పినవాటిలో ఎన్ని మారాయి, ఎన్ని మారలేదు అనే రెండు వరుసల కాగితం చాలు. ఆ కాగితాన్ని అధికారులకు ఇచ్చే ముందు చెప్పినవారికే చదివి వినిపించండి. మారనివి మారలేదనే చెప్పండి. చెప్పినా లాభం లేదని ఒకసారి అనిపిస్తే ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పరు.

శిబిరం ఎత్తేసే రోజున మీ చేతిలో ఉండవలసినది పైన చెప్పిన వితంతువుల రిజిస్టర్. విపత్తులో భర్తను కోల్పోయిన మహిళకు 15 రోజుల్లోగా జిల్లా యంత్రాంగం ధ్రువపత్రం ఇవ్వాలని, 45 రోజుల్లోగా ఆర్థిక సాయం అందించాలని జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ రిజిస్టర్ నకలును తహసీల్దార్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి, మరొక నకలు మండల సమాఖ్యకు ఇవ్వండి. 16వ రోజున ఒకసారి, 46వ రోజున ఒకసారి కేలండర్‌లో గుర్తు పెట్టుకుని, జాబితాలోని ప్రతి ఇంటికీ వెళ్లి చేతికి ఏం అందిందో అడిగి, అందని వారి పేర్లతో మళ్లీ కలెక్టరేట్‌కు వెళ్లండి.